కూలెంట్‌లో నూనె

అక్టోబర్ 6, ఆదివారం

బండి వచ్చింది. నడిచి రాలేదు, టోయింగ్ లారీ ఎక్కి వచ్చింది. హసన్‌పర్తిలో మా వాడకట్టంతా బయటికొచ్చి చూసింది.

2007 మోడల్ జర్మనీ కారు. నలుపు. సిక్స్ సిలిండర్, ఆటోమేటిక్. నాన్న దీన్ని పదిహేడేళ్ళు నడిపాడు, సారంగపాణి సార్ డ్రైవర్‌గా. సార్ పోయిన తర్వాత ఆయన కూతురు యమునకు దీన్ని పాత ఇనుముకు వేయడానికి మనసొప్పలేదు. డ్రైవరంకుల్, నువ్వే పెట్టుకో అని పేపర్లు నాన్న పేరు మీద మార్పించింది.

ఆ పదిహేడేళ్ళలో అమ్మ ఒక్కసారి కూడా ఇందులో ఎక్కలేదు. సార్ బండిలో సార్ వాళ్ళే ఎక్కాలనేది నాన్న రూలు. వానలో తడుస్తూ బస్సుకోసం నిలబడ్డ అమ్మ పక్కనుంచే ఖాళీ బండి తోలుకుపోయిన మనిషి. ఇప్పుడు డెబ్భై ఒకటో ఏట ఆయన కోరిక ఒక్కటే. క్రిస్మస్ పొద్దున తను నడుపుతుంటే అమ్మ, అంటే ఆయన ఎస్తేరు, వెనక సీట్లో కూర్చుని చర్చికి రావాలి.

నేను బాగుచేసి ఇస్తానని మాట ఇచ్చాను. పాలిటెక్నిక్‌లో మెకానికల్ ల్యాబ్ అసిస్టెంట్‌ని, పద్నాలుగేళ్ళ సర్వీసు. ఆమాత్రం చేతకాదా నాకు.

అక్టోబర్ 8

చేతకాదేమో.

జబ్బు చిన్నదే. ఐదు కిలోమీటర్లు పోతే ఇంజన్ వేడెక్కి ఆగిపోతుంది. వాటర్ పంప్, థర్మోస్టాట్ మార్చాలి. మామూలు కారుకైతే ఒక పూట పని. దీనికి ముందుగా అడుగున ఉన్న ప్లాస్టిక్ మూత విప్పాలి, తర్వాత ఫ్యాన్, తర్వాత ఏవో గొట్టాలు. పంప్ ఎక్కడుందో కనపడటానికే రెండు రోజులు పట్టింది. దీన్ని డిజైన్ చేసిన ఇంజనీర్‌ని ఒక్కసారి మా రేకుల షెడ్డు కింద వెల్లకిలా పడుకోబెట్టాలి.

హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, అంత పాతబండి మేము ముట్టుకోము మేడం అన్నారు. ఇంటర్నెట్‌లో ఒక ఫోరమ్ దొరికింది. పోలండ్ నుంచి ఎవరో ఒకాయన ప్రతి బోల్ట్‌కీ ఫోటో పెట్టాడు. ఆయన కడుపు చల్లగుండ.

అక్టోబర్ 10

ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడిదో తెలియదు.

అక్టోబర్ 13

కొత్త పంప్ బిగించాను. ఇంజన్‌ని చల్లబరిచే పాత కూలెంట్ మొత్తం బకెట్‌లోకి వదిలాను. తుప్పు రంగు, కానీ జిడ్డేమీ లేదు. కొత్తది గులాబీ రంగుది పోశాను. అమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తూ, గదేంది బిడ్డా, గా గుండ్రటి మూతలకెల్లి పోస్తానవ్ అని అడిగింది. ఇది బండికి రక్తం లాంటిదమ్మా, ఇంజన్ అంతా తిరుగుతుంది అని చెప్పాను. ఓ అని లోపలికి పోయింది.

రేపు స్టార్ట్ చేస్తాను. నాన్న అప్పుడే యూనిఫామ్ తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చాడు. ఎందుకు నాన్నా అంటే, చొక్కా లేకుంటే స్టీరింగ్ పట్టబుద్ధి కాదు అన్నాడు.

అక్టోబర్ 14

స్టార్ట్ చేయలేదు. పొద్దున మూత తీసి చూస్తే కూలెంట్ మీద నూనె తేలుతోంది. చారు మీద తేలినట్టు, పసుపుపచ్చగా.

నీళ్ళూ నూనే ఇంజన్‌లో దేని దారిన అవి పోవాలి. కలిశాయంటే లోపల ఏదో చిరిగినట్టు.

అక్టోబర్ 19

మహిపాల్ వచ్చి చూశాడు. భీమారం రోడ్డులో షెడ్డు ఉంది అతనికి, మంచి మెకానిక్కే, కానీ ఈ కార్లు ముట్టుకోడు. వేలితో నూనె తీసి, వాసన చూసి, అక్కా, హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఫికర్ చేసినా ఏం ఫాయిదా లేదు, విప్పుడే అన్నాడు.

హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజన్ పైసగానికీ కింది సగానికీ నడుమ ఉండే పలచని రేకు. అది మార్చాలంటే ఇంజన్‌ని రెండు ముక్కలు చేయాలి. నేను ఒప్పుకోలేదు. ఆయిల్ కూలర్ దగ్గర ఒక చిన్న రబ్బరు సీల్ ఉంది, అది పోయినా ఇట్లాగే అవుతుందని పోలండ్ ఆయన రాశాడు. ముందు అది మారుస్తాను.

నాకు ఒక్కటే అర్థం కావట్లేదు. ఇంజన్‌లో ఆయిల్ నల్లగా ఉంది. తేలేది మాత్రం పసుపుపచ్చగా ఉంది. కొంచెం తీసి దగ్గు మందు సీసాలో పోసి షెడ్డు కిటికీలో పెట్టాను.

అక్టోబర్ 27

అయిపోయింది! సీల్ మార్చాను. గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మూడుసార్లు కడిగాను, నురగ పోయేదాకా నా ప్రాణం పోయింది. కొత్త కూలెంట్ పోసి స్టార్ట్ చేస్తే నలభై నిమిషాలు నడిచింది. వేడి ముల్లు నడిమధ్యలో నిలబడింది. నూనె చుక్క లేదు. నాన్న బండి చుట్టూ తిరిగి తిరిగి తుడిచాడు. మహిపాల్‌కు ఫోన్ చేసి నాలుగు మాటలు అన్నాను. విప్పుడే అట.

రేపు ధర్మసాగర్ దాకా ట్రయల్. నాన్నే నడుపుతాడు.

అక్టోబర్ 28

మళ్ళీ నూనె.

అక్టోబర్ 31

బండి మొహం చూడలేదు. దాన్ని చూస్తే కొట్టబుద్ధి అవుతోంది.

నవంబర్ 10

ఇంజన్ పైసగం, హెడ్, విప్పుతున్నాను. ఇంకో దారి లేదు. క్రిస్మస్‌కు ఆరు వారాలు.

నాన్న సాయానికి వచ్చి కూర్చుంటాడు. ఆ సాయంతోనే చస్తున్నాను. పది నంబర్ స్పానర్ అడిగితే పదమూడు ఇస్తాడు. ఎడమ పక్కన నూనె తట్ట పెట్టుకుంటే నేరుగా వచ్చి తన్నాడు. రెండు లీటర్ల నల్ల నూనె నా జుట్టులో. కండ్లు నెత్తిమీద పెట్టుకున్నవా అని అరిచాను. చీపురు తెచ్చి ఊడ్వడం మొదలుపెట్టాడు, అదీ తప్పు చోట. అమ్మ వచ్చి ఆయన చేతిలో చీపురు తీసుకుంది. నావైపు ఒక చూపు చూసింది.

నేను పనిచేసే మనిషిని, నాకూ కోపం వస్తుంది. ఎవరూ నన్నట్లా చూడాల్సిన పనిలేదు.

నవంబర్ 17

హెడ్ బోల్ట్ తెగింది. తల నా చేతికి వచ్చింది, మిగతాది ఇంజన్ లోపల ఉండిపోయింది. పద్నాలుగేళ్ళుగా పిల్లలకు బోల్ట్ మెల్లగా వదిలించాలిరా అని చెప్తున్నాను. నేను మాత్రం స్పానర్‌కు పైపు వేసి గుంజాను. ఎందుకు గుంజాను? ఆ సమయానికి దేవుడొచ్చి చెప్పినా వినేదాన్ని కాదు, అంత కసిగా ఉంది.

నవంబర్ 24, ఆదివారం

చర్చి అయ్యాక మహిపాల్ వచ్చాడు. ఎడమకు తిరిగే డ్రిల్ తెచ్చి, విరిగిన ముక్కను గంటన్నర కష్టపడి బయటికి తీశాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు, పాపం. ఇద్దరం కలిసి హెడ్ లేపాం.

గ్యాస్కెట్ బాగుంది. చిరగలేదు, కాలలేదు. హెడ్‌ను హనుమకొండ లేత్ షాపుకు తీసుకెళ్ళి స్కేలు పెట్టి చూపించాం. వంకర లేదు. అక్కా, గీ ఇంజన్ల ఏం తప్పు లేదు, మరి నూనె యాడికెల్లి వచ్చింది అని మహిపాల్ తల గోక్కున్నాడు. నేనూ అదే అడుగుతున్నాను, నలభై రోజులుగా.

నవంబర్ 25

షెడ్డులో కూర్చుని ఏడ్చాను. ముప్పై తొమ్మిదేళ్ళ దాన్ని, కారు కోసం. అమ్మ టీ తెచ్చి, కిటికీలో దగ్గు మందు సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. అప్పుడు చెప్పింది. ఇది నా నూనె బిడ్డా అని.

ప్రార్థన నూనె. పాస్టర్ గారు ప్రార్థన చేసి ఇచ్చిన ఆలివ్ నూనె, జ్వరమొస్తే నుదుట రాస్తుంది, పరీక్షకు పోతే నా పెన్నుకు రాసేది. బండికి రక్తమని నువ్వే చెప్తివి గద, పైన రాస్తే ఏముంటది, లోపటికే పోవాలని మూత తీసి పోసిన అంది.

పాత కూలెంట్‌లో నూనె లేదు. ఇంజన్ నూనె నలుపు, ఇది పసుపు. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి, డైరీలో నా చేత్తోనే రాశాను. వాసన చూసిన మహిపాల్‌కూ తెలియలేదు. ఇంట్లో మనిషిని అడగాలని మాత్రం నాకు తోచలేదు.

అమ్మా, ఒకసారి పోశావు సరే, నేను కడిగేసిన తర్వాత మళ్ళీ ఎందుకు పోశావు అని అడిగాను.

మళ్ళ బాగైంది గద, అందుకు, అంది.

నవంబర్ 25, సాయంత్రం

అది ఆశీర్వాదం కాదు. బండి నడవాలని ఆమె ప్రార్థించలేదు. నడవొద్దని ప్రార్థించింది. మొదటిసారి పోస్తే పొద్దునకల్లా పని ఆగింది కాబట్టి దేవుడు విన్నాడనుకుంది. నేను బాగుచేస్తే మళ్ళీ పోసింది.

ఆగస్టులో హనుమకొండ దవాఖానలో నాన్న కళ్ళు చూపించుకున్నాడట. గ్లకోమా. ఎడమ కన్ను దాదాపు పోయింది, కుడి కన్నులో పక్కలు కనపడవు. డ్రైవింగ్ బంద్ చేయమని డాక్టర్ గట్టిగా చెప్పాడట. బిడ్డకు చెప్తే నా మీద ఒట్టేనని నాన్న అమ్మ దగ్గర మాట తీసుకున్నాడు. నీకు చెప్పొద్దన్నడు గని దేవునికి చెప్పొద్దనలేదు గద అంది అమ్మ.

నూనె తట్ట ఎడమ పక్కన పెట్టాను నేను. కండ్లు నెత్తిమీద పెట్టుకున్నవా అన్నాను.

డిసెంబర్ 1

నమ్మబుద్ధి కాలేదు. నాన్నను గేటు దగ్గర నిలబెట్టి కారు నంబర్ ప్లేట్ చదవమన్నాను. గడగడా చెప్పాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత గుర్తొచ్చింది, పదిహేడేళ్ళు రోజూ తుడిచిన ప్లేటు అది. దాని పక్కనే ఎడమవైపు ఉన్న స్కూటీ నంబర్ చదువు నాన్నా అన్నాను.

ఏ స్కూటీ అన్నాడు.

నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది. అమ్మ మీద అరిచాడు. అమ్మ తిరిగి అరిచింది, వాళ్ళ నలభై ఆరేళ్ళ కాపురంలో నేను మొదటిసారి విన్నాను. చర్చి తొవ్వల పొల్లగాడెవడన్న అడ్డమొస్తే నీకు అగుపడుతడా, అప్పుడు ఏ మొహం పెట్టుకొని ప్రార్థన చేద్దునయ్యా అంది. నాన్న, పదిహేడేండ్లు ఒక్క గీత పడనియ్యలేదు నేను అన్నాడు. అదే మాట నాలుగుసార్లు అన్నాడు.

డిసెంబర్ 4

ఇంట్లో ముగ్గురం. మూడు వేళలకు తింటున్నాం.

డిసెంబర్ 9

కొత్త బోల్టులు, గ్యాస్కెట్ కొరియర్‌లో వచ్చాయి. డబ్బా విప్పలేదు. బిగిస్తే నాన్న నడుపుతానంటాడు. బిగించకపోతే ఇంజన్ రెండు ముక్కలుగా నా షెడ్డులో పడి ఉంటుంది, జీవితాంతం నన్ను వెక్కిరిస్తూ. అమ్మ మీద కోపం, నాన్న మీద కోపం. నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేది ఇద్దరికీ? చెబితే నేను వినేదాన్నా? బండి బండి అని తిరిగాను, ఇంట్లో మనిషి గోడ పట్టుకుని నడుస్తున్నాడని చూడలేదు. అదే నిజం, రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 15

బిగిస్తున్నాను. సగంలో వదిలిన పని నాకు నిద్ర పట్టనివ్వదు. ఈసారి బోల్టులన్నీ ఎంత బిగువో చూపే టార్క్ రెంచ్‌తో, లెక్క ప్రకారం, వరస ప్రకారం.

నాన్న వచ్చి కుర్చీ వేసుకున్నాడు. ఈసారి కుడిపక్కన వేసుకున్నాడు. స్పానర్లను చేత్తో తడిమి, పిడి మీది నంబర్ అచ్చును బొటనవేలితో చూసి ఇస్తున్నాడు. ఒక్కటీ తప్పు ఇవ్వలేదు.

డిసెంబర్ 22

స్టార్ట్ అయింది. గంట నడిచింది. కూలెంట్ గులాబీ రంగులోనే ఉంది. మూత దగ్గరికి ఎవరూ రాలేదు.

సంతోషం రాలేదు. ఎందుకో రాలేదు.

డిసెంబర్ 24

ధర్మసాగర్ దాకా నేనే నడిపి తెచ్చాను. వేడెక్కలేదు. తాళంచెవి తెచ్చి నాన్న కంచం పక్కన పెట్టాను. నాన్నా, బండి నీది, మాట ప్రకారం బాగుచేశాను, రేపు ఏం చేస్తావో నీ ఇష్టం, నేను తాళం దాచిపెట్టను అని చెప్పాను. అమ్మ వద్దన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. డెబ్భై ఒకటేళ్ళ మనిషి దగ్గర తాళం గుంజుకునే పని నా వల్ల కాదు. కానీ ఆయన ఆ సీట్లో కూర్చుంటే గేటుకు అడ్డంగా నిలబడతాను. అదీ చెప్పాను.

నాన్న తాళం జేబులో వేసుకున్నాడు. అన్నం తినలేదు.

డిసెంబర్ 25

పొద్దున నాన్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. వెనక డోర్ తీసి పట్టుకున్నాడు. అమ్మ నావైపు చూసి, ఎక్కింది. ఆయన డోర్ వేయలేదు. జేబులోంచి తాళం తీసి నాకిచ్చి, జర జరుగు ఎస్తేరూ అన్నాడు.

బండి గేటు దాటిందో లేదో వెనకనుంచి మొదలుపెట్టాడు. మెల్లగ పోనియ్యి బిడ్డా, వెనక మనుషులున్నరు.