రెండు మూరల బ్యాటు

తాతయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ అందరూ బాగున్నారు, నేను తప్ప. కొత్త స్కూల్లో కర్రబంతి అందరూ నేర్చుకోవాలట. ఒకరు బంతి విసిరితే ఒకరు బ్యాటుతో కొట్టి, అది తిరిగొచ్చేలోగా నాలుగు గుంజలూ చుట్టి రావాలి. పదకొండు రోజులైంది, నా బ్యాటుకు బంతి ఒక్కసారీ తగల్లేదు. పై నెలాఖరుకి జట్టును ఎంచుతారు. అందులో లేకపోతే ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళే ఉండరు. స్కూలు బ్యాట్లన్నీ పగిలిపోయి, పురికొసతో కట్టినవే. నువ్వొకటి చేసి పంపు. రెండు మూరల పొడవు, బెత్తెడు వెడల్పు ఉండాలట.

నీ పిచ్చుక

తా.క.: పరిగెత్తడం నాకు బాగా వచ్చు. కొట్టకుండా పరిగెత్తకూడదట.


చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. తప్పు నీది కాదు, ఆ పగిలిన బ్యాట్లది. తలుపు చేయగా మిగిలిన చెక్కతో, నా చేత్తోనే మూరలు వేసి, మంచి బ్యాటు చేసి బస్సులో పంపాను. ఇక జట్టులో నీ పేరు లేకపోతే నన్నడుగు.

మీ తాతయ్య

తా.క.: నలభై ఏళ్ళుగా తలుపులు చేస్తున్న చెయ్యి. అలవాటుకొద్దీ గడియ బిగించేశాను. అక్కర్లేకపోతే ఊడదీయించు.


తాతయ్యకు,

నమస్కారాలు. బ్యాటు చేరింది. నా గుండెల దాకా వస్తోంది, మోయడానికి ఇద్దరం పట్టాం. ఇది ఏ గదిదని డ్రిల్లు టీచరు అడిగారు. మూరంటే ఆవిడ మూరట. ఆవిడ నాకంటే బెత్తెడే ఎత్తు. ఆవిడ చేతికి దారం పట్టి, తెంపి, ఇందులో పెట్టాను. కోపం తెచ్చుకోకుండా ఇంకోటి చేస్తావా?

నీ పిచ్చుక

తా.క.: దాన్ని ముందు పెట్టుకుని నిలబడితే బంతే వచ్చి తగిలింది. సంబరపడ్డాను. దీన్ని కొట్టడం అనరు, తలుపేసుకోవడం అంటారని టీచరు అన్నారు.


చిరంజీవికి,

ఆశీస్సులు. నా మూరతో కొలిచిన తలుపు ఏదీ ఇంతవరకు పట్టకుండా పోలేదు. తేడా నా చేతిలో ఉందో మీ టీచరు చేతిలో ఉందో మేం పెద్దవాళ్ళం ఎప్పుడైనా తేల్చుకుంటాం. నీ కోసం దారం ప్రకారమే చేశాను. గడియ పెట్టలేదు.

మీ తాతయ్య

తా.క.: నీ దారం చూసి మీ అమ్మమ్మ తన మూర కూడా కొలుచుకుంది. నేను చేసిన బీరువాలో పై అర తనకెందుకు అందదో ఇన్నేళ్ళకు తెలిసిందట. రెండు రోజులుగా మాటల్లేవు.


తాతయ్యకు,

నమస్కారాలు. ఈ బ్యాటు సరిగ్గా ఉంది. అయినా బంతి తగల్లేదు. నిన్న టీచరు బంతిని వదిలేసి నా మొహమే చూశారు. "కళ్ళు మూసుకుంటున్నావే" అన్నారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. మొదటిరోజు బంతి ముక్కుకు తగిలింది. అప్పట్నుంచి అది వస్తుంటే కళ్ళు వాటంతటవే మూతపడుతున్నాయి. సిగ్గేసి నీతో బ్యాటు మీద నెపం పెట్టాను. నీచేత అనవసరంగా రెండు చేయించాను. ఎంపికకు నేను వెళ్ళను.

నీ పిచ్చుక

తా.క.: ఇది అమ్మమ్మకు చదివి వినిపించకు.


పిచ్చుకా,

వినిపించలేదు. నా గుట్టు కూడా విను. సుత్తి దిగుతుంటే నాకూ భయమే. నలభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుంటూనే ఉన్నాను. కాకపోతే దెబ్బ పడ్డాక మూసుకుంటాను. నువ్వు కూడా మూసుకో, ఎవరూ కాదనరు. బ్యాటుకు తగిలిన చప్పుడు వినపడ్డాక మూసుకో. ఎంపికకు వెళ్ళు.

మీ తాతయ్య

తా.క.: ఇది అమ్మమ్మకు చెప్పకు. మేకు పట్టుకునేది ఆవిడే.


తాతయ్యకు,

వెళ్ళాను. చప్పుడు వినపడింది. కళ్ళు మూసుకోవడం మరిచిపోయాను. ఇన్నాళ్ళూ బంతి నా మీదికి రావడమే తప్ప, నా దగ్గర్నుంచి పోవడం ఎప్పుడూ చూడలేదు. అంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు. పరిగెత్తమని అందరూ అరుస్తున్నా చూస్తూ నిలబడ్డాను. అవుటయ్యాను. అయినా జాబితాలో చిట్టచివర నా పేరుంది.

నీ పిచ్చుక

తా.క.: ఇవాళ ఫోన్లో అమ్మమ్మతో నీ గుట్టు అనేశాను. చాలాసేపు నవ్వింది. మేకు కొట్టేటప్పుడు నువ్వు రెప్ప కూడా వేయవట. అందుకే ధైర్యంగా పట్టుకుంటుందట. ఆ ఫోను ఎంపికకు ముందు చేసి ఉంటే నేను కళ్ళు తెరిచేదాన్ని కాదు తాతయ్యా.