బానెట్ కింద తియ్యటి వాసన

ఆచకాచి,
మార్చి 24, ఆదివారం.

నాయనా ఎలియో,

ముందు నీ ఒంటి సంగతి చెప్పు. కాలి బొటనవేలిలో దిగిన ముల్లు మొత్తం వచ్చేసిందా, లోపల ముక్క మిగిలిందా? జ్వరం మళ్ళీ తిరగబెట్టలేదు కదా? నీతో ఆ అడవిలో కాయలు ఏరే సిప్రియానోకి దగ్గు తగ్గిందా? చెట్టు మీంచి ఆ రాయిలాంటి కాయ పడి వాళ్ళ తమ్ముడి భుజం విరిగిందని రాశావు, ఆ పిల్లవాడు చెయ్యి ఎత్తగలుగుతున్నాడా? మీకు వండిపెట్టే పెద్దావిడ నడుం నొప్పి ఎలా ఉంది? వాళ్ళెవర్నీ నేను చూడలేదు. అయినా రోజూ పేరుపేరునా తలుచుకుంటున్నాను. ఆ కాయలు తల మీద పడతాయని తెలిసినప్పటినుంచి ఇక్కడ మన రేకు మీద ఏం టక్కుమన్నా నేనే తల పట్టుకుంటున్నాను.

ఇక్కడ మేం ముగ్గురం తింటున్నాం, పడుకుంటున్నాం, లేస్తున్నాం. ఆయ్దాకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. నవ్వమంటే నోరు మూసుకుంటోంది. నాన్న వచ్చేసరికి మొలవాలని రోజూ అద్దంలో చూసుకుంటుంది. కోడలు నిల్డా కొంచెం చిక్కింది కానీ బాగానే ఉంది. నా మోకాళ్ళు ఎప్పటిలాగే. మంచం మీంచి లేవడానికి ఒక పూట, మళ్ళీ ఎక్కడానికి ఒక పూట పడుతోంది. ఈ నెలంతా బాగా అలసిపోయాను నాయనా. ఎందుకో కింద రాస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. మచ్చల ఆవు ఈనింది, పెయ్యదూడ. సరస్సు వైపు చేలో దుంపలకి మంచు కొట్టింది. కొండ వైపువి బాగున్నాయి, తవ్వకం వచ్చే నెల. వంటింటి రేకుకి చిల్లు ఇంకా పూడ్చలేదు. గిన్నె పెట్టాం, వానలు కూడా అయిపోవచ్చాయి.

ఇక బండి.

"బండి ఎలా ఉందో నిజం చెప్పమ్మా. అది బాగుంటే కాయల పని కాగానే వచ్చేస్తాను. మొండికేస్తే చెప్పు, నది మీద బంగారం తోడే పడవలో ఇంకో ఏడాదికి ఒప్పుకుంటాను, ఇంకో బండి కొనుక్కుందాం" అని రాశావు. ఆ కాగితం మడిచి పెట్టెలో పెట్టాను, మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టాను. మీ నాన్న కూడా ఒక్క ఏడాదే అన్నాడు, మళ్ళీ గడప తొక్కలేదు. ఆ నదే, అలాంటి పడవే.

బండి పదకొండు రోజులు రుఫీనో మేస్త్రీ షెడ్డులో ఉంది. భయపడకు, ఇప్పుడు ఇంటి ముందే ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ రోజు సోమవారం. నిల్డా పొద్దున్నే ఎల్ ఆల్తో సంతకి జనాన్ని తీసుకెళ్ళడానికి బండి సిద్ధం చేసింది. చీజు గంపల వాళ్ళు నలుగురు ఎక్కి కూర్చున్నారు. నిల్డా తాళం తిప్పబోతుంటే నేను వెళ్ళి తలుపు పట్టుకున్నాను.

"తీయకమ్మా, ఈ రోజు తీయకు."

"ఏమైంది అత్తా? జనం కూర్చున్నారు చూడు."

"కలొచ్చింది. మంచి కల కాదు."

వెనక సీటులోంచి తెయోఫిలమ్మ గంప ఎత్తుకుంది. "కాసిమిరమ్మకి కలొస్తే నేను దిగిపోతా తల్లీ. కిందటేడు ఈవిడ కల కని ఊరంతా చెప్పిన మూడో రోజే వడగళ్ళు పడ్డాయి."

పక్కావిడ మాత్రం ఊరుకోలేదు. "నా చీజు ఎండకి చెడితే మీ అత్త కలనే బన్నులో పెట్టుకు తినాలి, చెప్తున్నా!"

గొణుక్కుంటూ నలుగురూ దిగి మినీబస్సు వైపు పోయారు. నిల్డా నన్ను ఒకసారి చూసి బానెట్ ఎత్తింది. రేడియేటర్ మూత తీసి వేలు పెట్టి, ఆ వేలు నాకు చూపించింది. అయిరాంపో గింజలు మరిగించి పాలల్లో కలిపితే వస్తుందే, ఆ గులాబి రంగు. మీగడలా అంటుకుంది.

రుఫీనో సైకిలు మీద వచ్చాడు. వచ్చీ రాగానే, "తాళం ముట్టుకోకండి, ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు. బోర్లా పడుకుని చూశాడు, వాసన చూశాడు. తర్వాత మాకు పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. ఈ రకం బండ్లలో గేర్‌బాక్సు ఆయిలు చల్లబడడానికి రేడియేటర్ లోపలినుంచే ఒక సన్న గొట్టం పోతుందట. ఆ గొట్టం తుప్పు పట్టి చిల్లు పడితే, బండి నడుస్తున్నప్పుడు ఆయిలు నీళ్ళలోకి వస్తుంది. బండి ఆగాక నీళ్ళు ఆయిల్లోకి పోతాయి. నేల మీద చుక్క కూడా కనపడదు.

"పోతే ఏమవుతుంది మేస్త్రీ?" అని నిల్డా అడిగింది.

"లోపల పలకలుంటాయి చెల్లెమ్మా. వాటి మీద పట్టు కోసం అంటించిన పొర ఒకటుంటుంది. నీళ్ళు తగిలితే ఆ జిగురు ఊడిపోతుంది. తర్వాత ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, బండి కదలదు. అప్పుడు గేర్‌బాక్సు మార్చాలి. ఈ బండికి గేర్‌బాక్సు మార్చడమంటే, బండిని వదిలేసి గేర్‌బాక్సుని కొనుక్కున్నట్టు."

అని గేర్‌బాక్సులోంచి ఆయిలు మట్టం చూసే కొలపుల్ల లాగి, ఆయ్దా తెల్ల రుమాలు అడిగి తుడిచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. "ఆయిలు ఎర్రగానే ఉంది" అన్నాడు. "ఇంకా లోపలికి పోలేదు. ఇంకో నాలుగు రోజులు తిప్పి ఆపి ఉంటే పోయేది. ఏ దేవుడో ఆపాడు మిమ్మల్ని."

"మా అత్తకి కలొచ్చింది" అంది నిల్డా.

రుఫీనో రేడియేటర్ మూత చేతిలో తిప్పుతూ చూశాడు. "మరి ఈ నీళ్ళెవరు పోశారు? ఇందులో ఇంజన్ చల్లబడడానికి పోసే కూలెంట్ పేరుకి కూడా లేదు. వట్టి నీళ్ళు, అడుగున ఇసుక. మన సరస్సు ఇసుకే. రోజూ ఎవరో పోస్తున్నారు. వట్టి నీళ్ళకే కదా గొట్టం తుప్పు పట్టేది. కల కన్నవాళ్ళ చేతిలో మగ్గు కూడా ఉన్నట్టుంది!" అని నవ్వాడు.

బండిని లారీకి కట్టి లాక్కుపోయారు. కొత్త రేడియేటర్ వేశాడు. ఆయిలు గొట్టాన్ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా, దానికి ముందు వైపు గాలికి ఆయిలు చల్లబడేలా వేరే చిన్న జాలీ పెట్టి అందులోంచి తిప్పాడు. ఇక నీళ్ళూ ఆయిలూ కలుసుకునే చోటే లేదట. ఆయిలు మూడుసార్లు దింపి పోశాడు. ఖర్చు సంగతి నిల్డా వేరే రాస్తుంది.

ఇప్పుడు నీకు చెప్పవలసింది చెప్తాను. ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆగాను.

నాకు కల రాలేదు నాయనా.

కార్నివాల్ మంగళవారం బండికి అందరిలాగే మేమూ పూజ చేశాం. రంగు కాగితాలు కట్టాం, పూరేకులు చల్లాం, బానెట్ ఎత్తి బీరూ తియ్యటి మందూ ఇంజన్ మీద పోసి పచమామకి, మన భూమితల్లికి, తాగించాం. పూరేకులు వాటంతట అవి రాలిపోయేదాకా తుడవకూడదని మన ఇంట్లో పట్టింపు కదా. నిల్డా గుడ్డ పట్టుకొస్తే నేనే కసిరాను. పది రోజులైనా రేడియేటర్ అంచున రేకులు ఆరలేదు. తడిగా, జిగటగా, తియ్యటి వాసన. తల్లి ఇంకా తాగుతోంది, మనకి మంచిదే అనుకున్నాను. నిల్డా "అత్తా, ఇది మందు వాసనలా లేదే" అంది. "కార్నివాల్ నాకు నేర్పుతావా?" అన్నాను. ఆ తియ్యటి వాసన కూలెంట్‌దట. అంచున కారడం అప్పుడే మొదలైంది. ఆ రోజు తుడిచి చూసి ఉంటే గొట్టం దాకా వచ్చేది కాదు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఆ మర్నాడే రేడియేటర్ పక్కనున్న తెల్ల సీసాలో నీళ్ళు గుర్తు కిందికి దిగాయని చూశాను. దిగితే బండి మొండికేసినట్టే. మొండికేస్తే నువ్వు పడవ ఎక్కుతావు. నాకు ఇంకేమీ తోచలేదు. తెల్లారగట్ల నిల్డా లేవకముందే మగ్గుతో తెచ్చి పోశాను. రోజూ పోశాను. ఇంజన్ వేడి చూపించే సూది ఎర్ర గీత దాకా పోకుండా నేనే ఆపాను, అందుకే ఎవరికీ తెలియలేదు. పోస్తూనే నీకు "బండి గుర్రంలా ఉంది" అని రాశాను. ఆ ఉత్తరం అబద్ధం. ఆ సోమవారం తెల్లారగట్ల పోయబోయి మూత తీసేసరికి గులాబి నురగ. నీ గురించి భయపడి బండిని చంపుకుంటున్నానని అప్పుడు తెలిసింది. నిజం దాచి, కల అన్నాను.

నిల్డాకి చెప్పాను. రుఫీనో షెడ్డునుంచి వచ్చిన రాత్రి కూరలో ఉప్పు వేయకుండా వడ్డించాను, అలాగే తినేసింది. మర్నాడు చూస్తే నేను దాచిన ఆ మగ్గు వంటింటి మేకుకి వేలాడుతోంది. "తెలుసా నీకు?" అన్నాను. "మగ్గు రోజూ తడిగా ఉంటే తెలియదా అత్తా? మొక్కలకి పోస్తున్నావనుకున్నా. మనకి మొక్కలెక్కడున్నాయని మొన్ననే తోచింది" అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత అది ఏడ్చింది. నువ్వు పడవ మాట రాశావని దానికి అప్పుడే చెప్పాను.

నువ్విక నన్ను ఎలా నమ్ముతావో నాకు తెలియదు. ఒకసారి బాగుందని అబద్ధం రాశాను, ఇప్పుడు మళ్ళీ బాగుందనే రాస్తున్నాను. అందుకే ఈ కాగితంలో రుమాలు ముక్క మడిచి పెట్టాను. ఈ పొద్దున బండి నడిపి, ఆపి, చల్లబడ్డాక గేర్‌బాక్సు కొలపుల్ల తుడిచిన గుడ్డ. వెలుగులో పట్టుకుని చూడు. ఎర్రగా ఉందా? గులాబి ఎక్కడైనా కనిపిస్తే నన్ను తిట్టు. అక్కడ మేస్త్రీలెవరైనా ఉంటే వాళ్ళకీ చూపించు. ఇప్పుడు రోజూ పొద్దున నిల్డా సీసా గుర్తు చూస్తుంది, నేను గుడ్డ చూస్తాను. నా మగ్గు మేకు మీదే ఉంది.

ఆ పడవకి ఒప్పుకోకు. బండి బాగుంది, నీకు ఇంకో బండి అక్కర్లేదు.

కారనావి దాకా బస్సులో వస్తే అక్కడినుంచి మేం తీసుకొస్తామని నిల్డా అంటోంది. కొండ దిగే ఆ దారి నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కలేదు, మలుపులంటే భయమని నీకు తెలుసు. ఈసారి ముందు సీట్లో నేనే కూర్చుంటాను. ఆ బండిలో నేను ఆ కొండ దిగి వచ్చానంటే బండి బాగున్నట్టే, అప్పుడు నమ్ముదువుగాని. ఆయ్దాని వెనక కూర్చోబెడతాం, పళ్ళు మొలిచినా మొలవకపోయినా. బస్సు దిగే చోట చీజు, ఉడికిన దుంపలు పట్టుకుని ఉంటాం. ఏప్రిల్ పద్నాలుగు, ఆదివారం.

ఇట్లు,
నీళ్ళు పోసిన మీ అమ్మ,
కాసిమిర