దిబ్బ చుట్టూ నాలుగు రోజుల నీళ్ళు

అన్నయ్యా,

ఈ ఉత్తరం పాలబండి అతని చేతికిచ్చి పంపుతున్నాను. వదినకు చూపించకు, కంగారు పడుతుంది.

మా సరస్సులోకి నీళ్ళు వచ్చేది నీ వాగు నుంచే, బయటికి పోయే దారి అసలే లేదని నీకు తెలుసు. వచ్చిన నీరు ఎండకు ఆవిరై ఉప్పు మిగులుతుంది. నువ్వు పైన పొలాల కోసం వాగు గేటు దించినప్పటి నుంచి నీరు వెనక్కి పోయి, పక్షులు గూళ్ళు పెట్టిన దిబ్బ ఒడ్డుతో కలిసిపోయింది. కుక్కలు నడిచి వెళ్ళి పక్షిపిల్లల్ని తింటున్నాయి.

ఆ పక్షుల కాపలా మీ బావగారి ఉద్యోగం కదా. మొన్న మధ్యాహ్నం కుక్కల్ని తరమడానికి వెళ్ళారు. పైకి గట్టిగా కనిపించిన ఉప్పు పెచ్చు ఫెళ్ళున విరిగి, కింది బురదలో ఛాతీ దాకా దిగబడ్డారు.

"దగ్గరికి రాకు, నువ్వూ పోతావ్!" అని ఒడ్డున ఉన్న నన్ను చూసి అరిచారు.

కాపలా గుడిసె తలుపు ఊడదీసి బురద మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని తాడు అందించాను. లాగేసరికి పొద్దు వాలింది.

ఆయన కాలు బెణికింది. అయినా "ఆదివారం మళ్ళీ వెళ్తా, ఇంకా నలభై పిల్లలున్నాయి" అంటున్నారు. నా మాట చెవిన పెట్టరు.

"గేటు ఎత్తితే ఇక్కడి రైతులు నన్ను బతకనివ్వరే" అన్నావు పోయినసారి. నిజమే, వాళ్ళ పైరూ ఎండుతోంది. కానీ దిబ్బ చుట్టూ పల్లమే, నాలుగు రోజుల నీళ్ళు చాలు. కుక్కలూ ఆగుతాయి, ఈయనా ఆగుతారు.

ఆదివారం లోపు నీళ్ళు రాకపోతే ఆయన వెంట నేనూ వెళ్తాను. ధైర్యం వచ్చి కాదన్నయ్యా. ఒక్కరే దిగబడితే లాగేవాళ్ళుండరు.

నీ చెల్లెలు