గడప దాటే కారు

తమ్ముడూ,

ఇక్కడ అందరం బాగున్నామని అలవాటుగా రాస్తూ వచ్చాను. ఈసారి అది నిజమయ్యేట్టుంది.

నువ్వు నీ బొమ్మల కొట్టులోంచి పంపిన రిమోట్ కారు ఇరుసు విరిగింది. మళ్లీ అలా రయ్యిన దూసుకుపోయేది వద్దు. చక్రాలు పెద్దవిగా, అడుగుభాగం ఎత్తుగా ఉండాలి. మా పడగ్గది గడప ఎక్కి దిగాలి.

తను నడిపే బస్సుకు ప్రమాదం జరిగినప్పటి నుంచి మీ బావ ఆ గది దాటి రావడం మానేశారు. తప్పు ఆయనది కాదని అందరూ చెప్పారు. అయినా స్టీరింగ్ మాటెత్తితే గోడవైపు తిరిగిపోతారు. నీ నాలుగేళ్ల మేనకోడలు మాత్రం నా కుట్టు డబ్బాలోని గుండీలను కారెక్కించి, రోజూ ఆయన మంచం దాకా పంపేది.

నిన్న మధ్యాహ్నం ఎండ నేలమీద నీళ్లలా పరుచుకుంది. కుట్టు మిషన్ మీదే నాకు కునుకు పట్టింది. కలలో వినిపిస్తున్నట్టు కారు చప్పుడు. కళ్లు తెరిస్తే పాప నా పక్కనే ఉంది, చేతులు ఖాళీ. రిమోట్ వాళ్ల నాన్న దగ్గరే మర్చిపోయిందట. కారు మాత్రం గదిలోంచి మెల్లగా వస్తోంది. గడప ముందు ఆగింది.

"గతుకుంది, గట్టిగా పట్టుకోండి!" లోపల్నుంచి మీ బావ గొంతు.

ఒక్క గుండీ కూడా పడలేదు. గడప దిగాక ఇరుసు టప్పుమంది. "అయ్యయ్యో" అంటూ ఆయనే బయటికొచ్చి, ముందు గుండీలన్నీ చూసి, తర్వాత కారు ఎత్తుకున్నారు.

అందుకే గట్టి కారు కావాలి. కాకపోతే, గడప ఇవతలికొచ్చాక అప్పుడప్పుడు మొరాయించినా పర్లేదురా.

మీ అక్క