నువ్వు చుట్టాల్సిన రీలు

మస్తానన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పేటలో నువ్వు ఇళ్లకు సినిమా రీళ్లు అద్దెకిచ్చిన కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. పక్కన నా ప్రొజెక్టర్ రిపేరు బల్ల మాత్రం అక్కడే ఉంది.

పొద్దున గురజాల నుంచి పాత రీళ్లు సేకరించే కుర్రాయన వచ్చాడు. మాచర్లలో ఒకరి అటక మీద దొరికిందని నీ డబ్బా చూపించాడు. మూత మీద నీ రాతే: "రీలు చుట్టకుండా తెచ్చియ్యండి. నేనే చుట్టుకుంటా."

"మస్తాన్ డబ్బా అంటే మా వాళ్లలో చానా పేరు బాబాయ్. యాడా అతుకు ఊడదు," అన్నాడు.

నువ్వు రీలు వెనక్కి చుట్టేటప్పుడు ఫిల్ము అంచున వేలు ఆనించేవాడివనీ, చిరుగు తగిలితే ఆగి అతికించేవాడివనీ చెప్పాను. అందుకే ఇంకొకరిని చుట్టనిచ్చేవాడివి కాదు.

డబ్బా తీస్తే రీలు ఇంకా 'శుభం' దగ్గరే ఉంది. ఎవరో చూసి, నీ మాట ప్రకారం చుట్టకుండా ఉంచి, తేవడం మరిచిపోయారు.

"చుట్టేదా బాబాయ్?"

"నీకెందుకయ్యా? ఆడ పెట్టు. అన్న వచ్చి చుట్టుకుంటాడు," అనేశాను.

అతను మూత పెట్టి, డబ్బా నా బల్ల మీదే వదిలి వెళ్లాడు.