ఊరికే వచ్చినవాళ్లు

అమ్ములూ, నేను క్షేమం. కాళ్లు మాత్రం నా మీద అలిగాయి.

నీ తమ్ముడు ఫోనులో చెప్పింది నిజమే. జలంత్రకోట దాటాక ఆ రోడ్డు ఎక్కడ ఆగుతుందో చూద్దామని నేనూ మన మోషే మావా సైకిళ్ల మీద వెళ్లాం. నేను పడిపోయానన్నది వాడి కల్పన. జీడితోటల నీడన తొక్కుతుంటే వయసే గుర్తురాదు. అది రాయడం మొదలెడితే ఈ కార్డు చాలదు.

రోడ్డు ఒక జాలర్ల ఊళ్లో ఇసుకలో కలిసిపోయింది. గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న ఒకావిడ మమ్మల్ని చూసి లేచింది. మొగుడు గుజరాత్ బోటు మీద పనికి వెళ్లాడట.

"ఎవుల కోసం వచ్చినారు?"

"ఎవరి కోసమూ కాదమ్మా, ఊరికే," అన్నాను.

చెడు కబురు తెచ్చినవాళ్లూ మొదట అలాగే అంటారట. ఆమె ముఖం పాలిపోయింది. "సావు కబురు సల్లగా సెప్పకండి బావూ! మా ఆయనకేటైనాది?"

చావు కబురు తెచ్చినవాడు ఆ ఇంట మంచినీళ్లు ముట్టడని వాళ్ల నమ్మకం. చెంబుతో నీళ్లు తెచ్చి మా ముందు పెట్టి, కళ్లార్పకుండా చూసింది. మోషే గటగటా తాగేసి, "ఇంకో సెంబుడియ్యమ్మా," అన్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"పనీపాటా నేదేటి మీకు? మళ్లా వత్తే బెల్లు కొట్టుకుంటా రండి. కబురోళ్లు బెల్లు కొట్టరు!"

చంటిదానికి దగ్గు తగ్గిందా? జీడిపప్పు అందిందా? మా సైకిళ్లకు బెల్లుల్లేవు. అల్లుడు వచ్చేటప్పుడు మీ భిలాయిలో గట్టిగా మోగేవి రెండు కొని పంపు. ఈసారి ఆ ఊరి మొదట్నుంచే మోగించుకుంటూ వెళ్లాలి.

పిల్లలిద్దరికీ నా దీవెనలు.

నాన్న