అరవ ప్లీడరు గారి రీడరు

4 జూన్ 1979

కొండ మీంచి జోగులు తాతవాళ్లు వచ్చారు. షావుకారు ఆక్రమించిన వాళ్ల భూమి గురించి అర్జీ.

మా అరవ ప్లీడరు మాణిక్యవేలు గారు తెలుగు ధారాళంగా మాట్లాడతారు గాని చదవలేరు. ఆయన చెబితే నేను రాస్తాను, తర్వాత గట్టిగా చదివి వినిపిస్తాను. అందరికీ అర్థమయ్యాకే వేలిముద్రలు. మధురైలో ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచీ అదే ఆయన రూలు. వితంతువును పెళ్లి చేసుకుని, బోర్డు మీద పేరు చివరి కులం చెరిపేసి, ఇంత దూరం వచ్చిన మనిషి. తీరికైతే అరవంలో కథలు రాసుకుంటారు.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. చర్చిలో ఆదివారం పాఠం చదివేదీ నేనే. ఈరోజు అర్జీ మొత్తం చదివినా ఒక్కరూ అడ్డు రాలేదు. తలలు వంచుకుని విన్నారు. చివర్న జోగులు తాత ఆమేన్ అన్నాడు! నాకు గర్వంగా అనిపించింది. ప్లీడరు గారు మాత్రం వేలిముద్రలు ఇప్పుడే వద్దన్నారు. ఎందుకో చెప్పలేదు.

9 జూన్

ప్లీడరు గారు నన్ను కరుణకుమారి గారూ అంటారు. జోగులు తాత మనవరాలు సోమలమ్మని మాత్రం సోమూ అంటారు.

11 జూన్, సాయంత్రం

ఈరోజు అర్జీ చదివింది సోమలమ్మ. నిరుడు ఆఫీసు వరండాలో దానికి అక్షరాలు దిద్దించింది నేను. ఒత్తులు పలకవు. వాక్యానికోసారి ఎవరో ఒకరు, ఆగవే, మల్లీ సదువు అంటారు. ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, నవ్వుతారు. నాకు లోపల హాయిగా ఉంది.

తూర్పున ఏరు అనగానే జోగులు తాత లేచి నిలబడ్డాడు. ఏరు అటేపెక్కడుందే, పొద్దుగూకే పక్క కదేటి మన ఏరు, కళ్లు కనపడ్డం లేదేటి అని కసిరాడు. నానేటి సెయ్యను తాతా, కాయితంలో అలగే ఉంది అంది సోమలమ్మ.

రాసింది నేను, పడమరని తూర్పు చేసి. ఏటికి తూర్పున వీళ్ల భూమి, పడమట షావుకారు సొంత పొలం. నా రాతతో పోయి ఉంటే షావుకారు పొలాన్నే మాదని అడిగేవాళ్లం. ఆ రోజు అందరూ తలలు వంచుకుని విన్నది ఆ మాటే.

ప్లీడరు గారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మీరు చదివితే వాళ్లు నమ్మేస్తారమ్మా, సోమూ చదివితే ఎవరూ నమ్మరు, నాకు అదే కావాలి అన్నారు. విశాఖపట్నం విచారణకి దాన్నే తీసుకెళతారట. నేను వెళతాననుకుని నీలం చీర ఇస్త్రీ చేయించుకున్నాను.

12 జూన్

ఏటే, ఆ పిల్లకి అచ్చరాలు నేర్పింది నువ్వే కదా, ఇప్పుడిలా కుళ్లిపోతావేటి అంది అమ్మ. అన్నం తినలేదు.

14 జూన్

గుణింతాల దగ్గరే ఆపేయాల్సింది.

18 జూన్

కొత్త అర్జీ. రాసింది నేనే, చదివింది అది. ప్లీడరు గారు నన్ను బల్ల దగ్గర వద్దని, కింద చాప మీద కొండవాళ్లతో కూర్చోమన్నారు. ఒళ్లు మండింది.

అనుస్యూతంగా అనుభవిస్తున్న భూమి అన్న చోట అది తడబడింది. ఇంకా తడబడాలని, ఆగవే, అర్థం కాలేదు అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. జోగులు తాత, హమ్మయ్య, ఈ బడి పిల్లకే తెలకపోతే మనకేటి తెలస్తాది అన్నాడు. వెనక నుంచి ఇంకెవరో, నాకూ తెల్లేదు, సిగ్గేసి ఊరుకున్నాను అన్నారు. అంతా ఒకటే గోల. తాతలనాటి నుంచి దున్నుకుంటున్న భూమి అని రాయమంది సోమలమ్మ. నా మాట నేనే కొట్టేసి, దాని మాట నా చేత్తోనే రాశాను.

ప్లీడరు గారు నా వంక చూసి, ఇందుకే కదమ్మా అక్కడ కూర్చోమన్నది అన్నారు. నేను అడిగింది అందుకు కాదు. ఆయనకి చెప్పలేదు. వేలిముద్రలు పడ్డాయి.

20 జూన్, పొద్దున్న ఆరు

బస్సు వెళ్లిపోయింది. సోమలమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఒంటి మీద నా నీలం చీర. ఇచ్చింది నేనే, కుచ్చిళ్లు పెట్టిందీ నేనే.

ఆ చీర నాకే బాగుంటుంది.